ఆమె సాక్ష్యం నేను రాశాను

ఒహాయో రాష్ట్రానికి దక్షిణపు అంచున, నది ఒడ్డు ఊళ్ళలో ఒకదాంట్లో, మత్తుకు అలవాటుపడిన తల్లుల కోసం ఒక క్రైస్తవ పరిచర్య నడుస్తోంది. తల్లులు పసిబిడ్డలతో సహా ఏడాది దాకా అక్కడ ఉండి కోలుకుంటారు. ఆ ఇంటికి కావలసిన డబ్బు పోగుచేసే బాధ్యత కొన్నేళ్ళుగా నాది. ఆ బాధ్యతలో నేనొక తెలివితక్కువ పని చేశాను. ప్రార్థన చేసుకుని, మంచే జరుగుతుందని నమ్మి చేశాను. దాంతో ఒక తల్లి ప్రాణం మీదికి వచ్చింది. ఆమె బతికింది. ఇది రాయడానికి ఆమె ఒప్పుకుంది. తనను ఎవరూ గుర్తుపట్టకుండా రాయమని మాత్రం అడిగింది.

నాది గుంటూరు. లూథరన్ సంఘంలో పుట్టి పెరిగాను. పెళ్ళయ్యాక కొలంబస్ వచ్చి స్థిరపడ్డాం. ఒక కంపెనీలో లెక్కలు చూసే ఉద్యోగం నాది. మా తెలుగు సంఘం తరఫున క్రిస్మస్‌కి ఆ ఇంటికి డైపర్లు, దుప్పట్లు పంపేవాళ్ళం. కారులో వేసుకుని 23వ నంబరు రోడ్డు మీద దక్షిణానికి వెళ్ళి ఇచ్చొచ్చేదాన్ని. లెక్కలు తెలిసిన మనిషినని, నలుగురిలో మాట్లాడగలనని, తర్వాత బోర్డులోకి రమ్మన్నారు. ఆ పైన ఫండ్‌రైజింగ్ మొత్తం నా చేతిలో పెట్టారు.

ఆ ప్రాంతం సంగతి కొంత చెప్పాలి. 1996లో ఆక్సీకాంటిన్ అనే నొప్పి మాత్ర బజారులోకి వచ్చింది. ఇది అంత సులువుగా అలవాటుకాదని చెప్పి అమ్మారు. ఆ ప్రచారం తప్పుదోవ పట్టించేదని 2007లో దాన్ని తయారుచేసిన పర్డ్యూ కంపెనీయే కోర్టులో నేరం ఒప్పుకుంది. ఈలోగా ఆ ప్రాంతంలోని పోర్ట్స్‌మత్ ఊరి చుట్టుపక్కల నొప్పి క్లినిక్కుల పేరుతో మాత్రల దుకాణాలు వెలిశాయి. నగదు ఇస్తే చీటీ, చీటీ చూపిస్తే సీసా. 2011లో ఒహాయో ప్రభుత్వం చట్టం తెచ్చి వాటిని మూయించింది. మాత్రలు దొరకని మనుషులు హెరాయిన్‌కి మళ్ళారు. తర్వాత అంతకంటే బలమైన ఫెంటనిల్ వచ్చింది. 2021లో అమెరికా మొత్తం మీద మోతాదు మించి చనిపోయినవాళ్ళు లక్ష దాటారు. కర్మాగారాలు మూతపడిన ఆ ఊళ్ళలో అమ్మమ్మలూ నాయనమ్మలూ మనవళ్ళను పెంచుతుంటారు. మధ్య తరం కనిపించదు.

ఇవన్నీ నాకు తెలుసు. చదివాను, చూశాను. అయినా డబ్బు అడగడానికి వెళ్ళినప్పుడు ఇవేవీ చెప్పేదాన్ని కాదు.

మొదట మనవాళ్ళ దగ్గరే మొదలుపెట్టాను. కొలంబస్‌లోనూ చుట్టుపక్కలా తెలుగు సంఘాలున్నాయి, ఇళ్ళల్లో ప్రార్థన కూటాలు జరుగుతాయి. ఒక కూటంలో నేను మాట్లాడటం అయ్యాక ఒక పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని, "తల్లి అయ్యుండి ఎలా చేస్తుందమ్మా ఆ పని?" అంది. ఆమెలో కోపం లేదు, నిజంగానే అర్థంకాక అడిగింది. మత్తు అనగానే మనకు మగవాడు గుర్తొస్తాడు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడిన కథ వింటూ పెరిగిన తరం మాది. ఆ కథలో ఆడది ఎదిరించే మనిషి, బిడ్డల్ని కాపాడుకునే మనిషి. సీసా మొగుడి చేతిలో ఉంటుంది. తల్లి చేతిలో సిరంజి ఉన్న కథ మన దగ్గర లేదు. కాబట్టి ఆ పెద్దావిడ ప్రశ్నకు నేను తలవంచి ఒక జవాబు తయారు చేసుకున్నాను. "ఆమె తప్పు లేదండీ, కాన్పు ఆపరేషన్ తర్వాత డాక్టరు రాసిచ్చిన మాత్రలతో మొదలైంది" అని చెప్పడం నేర్చుకున్నాను. అలాంటి తల్లులు నిజంగానే ఉన్నారు. కానీ పార్టీలో సరదాకి మొదలెట్టినవాళ్ళూ ఉన్నారు, కొట్టే మగవాడితో కలిసి మొదలెట్టినవాళ్ళూ ఉన్నారు, ఎందుకు మొదలెట్టారో తమకే తెలియనివాళ్ళూ ఉన్నారు. నేను వాళ్ళ గురించి మాట్లాడటం మానేశాను. తప్పులేని తల్లిని వెతికి, ఆమెనే ముందుకు తోసేదాన్ని. మిగిలినవాళ్ళు అదే ఇంట్లో, అదే బల్ల దగ్గర అన్నం తినేవాళ్ళు.

అసలు తప్పుకు పునాది అక్కడే పడింది. ఎవరికి జాలి చూపించవచ్చో దాతల కోసం నేనే తేల్చిపెట్టేశాను.

అమెరికాలో ఇలాంటి పరిచర్యలకు ఏడాదికొక విందు ఉంటుంది. టేబుల్‌కొక పెద్దమనిషి బాధ్యత తీసుకుని తన స్నేహితులను పిలుచుకొస్తాడు. భోజనం ఉచితం. ముందు పాట, ప్రార్థన, తర్వాత ఒక వీడియో, ఆ తర్వాత కోలుకున్న ఒక తల్లి వేదికెక్కి సాక్ష్యం చెబుతుంది. అది అవ్వగానే చందా అడగాలి. ఎంత ఇస్తామో రాసిచ్చే ప్లెడ్జ్ కార్డులు, పెన్నులు ముందే టేబుళ్ళ మీద పెట్టి ఉంచుతాం. సాక్ష్యానికీ అడగడానికీ మధ్య ఖాళీ ఉండకూడదని ఈ విద్య నేర్పేవాళ్ళు చెబుతారు. ఒకే మనిషి, ఒకే కథ, మూడు నిమిషాలు. అంకెలు చెబితే మనసు చల్లబడుతుందంటారు. నేను ఆ పాఠాలన్నీ శ్రద్ధగా నేర్చుకున్నాను. ఐస్‌క్రీం వడ్డించే వేళకు చెంచాల చప్పుడు వస్తోందని దాన్ని కార్డులు తీసుకున్న తర్వాతికి మార్చింది కూడా నేనే.

ఇది జరిగిన ఏడాది వేదికెక్కాల్సిన తల్లిని నేనే ఎంచుకున్నాను. ఇరవైల్లో ఉన్న పిల్ల. మొదటి కాన్పు తర్వాత మాత్రలతోనే మొదలైంది, అంటే నాకు కావలసిన కథే. రెండో బిడ్డ పుట్టగానే వణుకుతూ, ఆగకుండా ఏడుస్తూ, పాలు పట్టుకోలేక ఆసుపత్రిలో ఉండిపోయింది. కడుపులో ఉన్నన్నాళ్ళూ తల్లి నెత్తురులోంచి అందిన మందు ఒక్కసారిగా ఆగిపోతే పసిగుడ్డుకి అలా అవుతుంది. వెలుతురు తగ్గించి, గుడ్డలో ఒద్దికగా చుట్టి, గుండెకు హత్తుకుని కూర్చోవాలి. ఆసుపత్రి కబురుతో బిడ్డను కౌంటీ వాళ్ళు ఫోస్టర్ కేర్‌కి, అంటే తాత్కాలికంగా పెంచే కుటుంబానికి, తీసుకెళ్ళారు. అక్కడి నుంచి తల్లికి గడియారం మొదలవుతుంది. 1997లో వచ్చిన చట్టం ప్రకారం, గడిచిన 22 నెలల్లో 15 నెలలు బిడ్డ ఫోస్టర్ కేర్‌లో ఉంటే, తల్లి హక్కులు రద్దు చేయమని రాష్ట్రమే కోర్టును అడగాలి. కొన్ని మినహాయింపులున్నా వాటిని నమ్ముకుని ఏ తల్లీ నిద్రపోలేదు. ఈ పిల్ల ఆ గడువు భయంతోనే మా పరిచర్య ఇంటికి వచ్చింది. కుదురుగా ఉండటం చూసి జడ్జి బిడ్డను మా ఇంటికే పంపించాడు. విందు నాటికి బిడ్డకు ఆరు నెలలు దాటాయి.

సాక్ష్యం రాయమంటే స్కూలు పిల్లల నోటుపుస్తకంలో, పెన్సిల్‌తో, పేజీలకు పేజీలు రాసుకొచ్చింది. వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఇద్దరం దాన్ని మూడు నిమిషాలకు తగ్గించాం. ఇద్దరం అంటున్నాను గానీ కలం నా చేతిలో ఉంది.

"ఈ రోజుకి వాడలేదు" అని రాసింది. కోలుకునేవాళ్ళు అలాగే చెబుతారు. రేపటి సంగతి ఎత్తరు. నేను దాన్ని కొట్టేసి "సంపూర్ణ విడుదల పొందాను" అని రాశాను. రాత్రిళ్ళు ఇంకా కలలొస్తాయని, లేచి బాత్రూంలో కూర్చుంటానని రాసింది. అది తీసేశాను. పెద్దకొడుకు తనతో ఫోన్లో మాట్లాడనంటున్నాడని రాసింది. అదీ తీసేశాను. బిడ్డ వణికిన తీరు మాత్రం ఉంచాను. ఇంకొంచెం వివరంగా చెప్పమని అడిగి మరీ రెండు వాక్యాలు కలిపాను.

అన్నిటికంటే ముఖ్యంగా ఒక పేరా తీసేశాను. పొద్దున్నే నాలుక కింద, మత్తు కోరికను అణచే మందు బ్యూప్రెనార్ఫిన్ రేకు పెట్టుకుంటానని, అది కరిగేదాకా బిడ్డను ఒళ్ళో పెట్టుకుని ప్రార్థన చేసుకుంటానని ఆమె రాసింది. ఆ పేరా నాకు ఇప్పటికీ కంఠతా ఉంది. ఆమె రాసిన వాటిల్లో అంత అందమైనది ఇంకొకటి లేదు.

ఎందుకు తీసేశానో నాకు బాగా తెలుసు. మా దాతల సంఘాల్లో కొన్ని ఆ మందును ఒప్పుకోవు. ఒక మత్తు వదిలి ఇంకో మత్తు పట్టుకోవడమే అంటారు. యేసు చాలడా అంటారు. ఆ మాట తప్పని నాకు తెలుసు. గర్భిణులకూ బాలింతలకూ ఈ మందో, మెథడోనో ఇవ్వడమే సరైన వైద్యమని ఈ దేశపు ప్రసూతి వైద్యులు ఎప్పటినుంచో చెబుతున్నారు. మా ఇల్లు దాన్ని ఒప్పుకున్న ఇల్లు. ఈ విషయం బయట చెప్పడానికి నేను సిగ్గుపడేదాన్ని. దాతకు కోపం వస్తుందేమోనని నోరు మెదపలేదు, ఆ మౌనానికే వివేకమని పేరు పెట్టుకున్నాను.

ఆమె ఆ పేరా మీద వేలు పెట్టి, "ఇది లేకపోతే అబద్ధం అవదా?" అని అడిగింది. "అబద్ధం ఎందుకవుతుందమ్మా, అన్నీ చెప్పక్కర్లేదు కదా" అన్నాను. సమయం చాలదని కూడా అన్నాను. ఆమె తలూపింది. ఆమెకు తల దాచుకోవడానికి గది, బిడ్డకు ఊయల, కోర్టుకు వెళ్ళడానికి బండి, ఇవన్నీ ఇచ్చిన ఇంటి తరఫున నేను అడుగుతున్నాను. ఆ తలూపడాన్ని అనుమతి అనుకున్నాను. సంతకం కూడా తీసుకున్నాను. మత్తుకు చికిత్స పొందుతున్నవాళ్ళ వివరాలు వాళ్ళు రాసివ్వకుండా బయటపెట్టకూడదని ఇక్కడ కఠినమైన చట్టం ఉంది. చట్టం అడిగింది నా దగ్గర ఉంది. వద్దు అనగలిగే స్థితిలో ఆమె ఉందా అని ఆలోచించాల్సింది చట్టం కాదు, నేను.

ఆ రాత్రి నేనూ మాట్లాడాను. మా అమ్మమ్మ గురించి చెప్పాను. 1842లో హయ్యర్ అనే లూథరన్ పాదిరి గుంటూరు వచ్చారు. 1883లో అన్నా కుగ్లర్ అనే డాక్టరమ్మ వచ్చారు. గుంటూరులో కుగ్లర్ ఆసుపత్రి అంటే తెలియనివాళ్ళుండరు. ఆమెను పంపింది, ఆమె ఆసుపత్రికి డబ్బు కూడబెట్టింది ఇక్కడి అమెరికా ఆడవాళ్ళే. 1879లో వాళ్ళు ఏర్పరచుకున్న మిషనరీ సమాజం ఆ పని చేసింది. పైసా పైసా దాచినవాళ్ళు అందులో ఉన్నారు. మా అమ్మమ్మ చిన్నప్పుడు మిషన్ బోర్డింగ్‌లో చదువుకుంది. ఆమె ఖర్చు భరించింది ఎప్పుడూ చూడని ఒక అమెరికా దొరసాని. "ఆ అప్పు తీర్చుకోవడానికి వచ్చాను, మీ బిడ్డల కోసం మిమ్మల్నే అడుగుతున్నాను" అని వేదిక మీద అన్నాను. ముందు వరసలో ముసలావిడ ఒకామె కళ్ళు తుడుచుకుంది. నేను చెప్పినదాంట్లో ప్రతి ముక్కా నిజం.

చెప్పని సగం ఒకటుంది. క్రిస్మస్ ముందు బోర్డింగ్‌లో పిల్లలందరూ దొరసానులకు ఉత్తరాలు రాయాలి. టీచరమ్మ బోర్డు మీద రాసేదట, పిల్లలు చూసి రాసుకునేవారట. 'నేను ఇక్కడ చాలా సంతోషంగా ఉన్నాను' అన్నది మొదటి వాక్యం. అమ్మమ్మ తల్లి చనిపోయిన ఏడాది కూడా అదే వాక్యం రాసింది. "అదే రాయమన్నారు, రాశాను" అనేది. ఈ సంగతి చెప్పేటప్పుడు అమ్మమ్మ గొంతు గట్టిపడేది. చదువు చెప్పించినందుకు ఆ దొరసాని పేరు చనిపోయేదాకా ప్రార్థనలో తలచుకుంది, ఆ ఉత్తరం సంగతి మాత్రం మరచిపోలేదు. రెండూ ఒకే గుండెలో ఉండేవి. నేను చిన్నప్పటి నుంచీ ఎన్నోసార్లు విన్న ఈ కథ, నోటుపుస్తకం ముందు కూర్చుని కలం పట్టుకున్నప్పుడు నాకు గుర్తుకే రాలేదు.

ఆ రాత్రి అంతకుముందు ఎప్పుడూ రానంత చందా వచ్చింది. ఇంటికి వెళ్ళే దారిలో పాటలు పాడుకున్నాను.

తర్వాత పిలుపులు మొదలయ్యాయి. మా సంఘానికి రావాలి, మా స్త్రీల కూటానికి రావాలి అని. సాక్ష్యం చెప్పిన ఆ పిల్లను నేనే కారులో తీసుకెళ్ళేదాన్ని. ఒక చోట పెద్ద ఒకాయన లేచి, "ఈ బిడ్డను చూడండి, ఏ మందూ మాకూ లేకుండా కేవలం ప్రార్థనతో విడుదల పొందింది" అని ప్రకటించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను అక్కడే ఉన్నాను. లేచి ఒక్క మాట సరిచేయలేదు. ఆమె నా వైపు చూసింది. నేను నవ్వాను, ధైర్యం చెబుతున్నాననుకుని.

ఆమె ఆ తర్వాత మందు తగ్గించడం మొదలుపెట్టిందని మాకెవరికీ తెలియలేదు. రేకును సగం చేసి, కొన్నాళ్ళకు ఇంకా సగం చేసి, చివరికి మానేసింది. దేవుడి ఇంట్లో నిలబడి అబద్ధం చెబుతున్నాననే బాధ భరించలేక, ఆ అబద్ధాన్ని నిజం చేద్దామనుకుంది. ఇది ఆమే నాకు తర్వాత చెప్పింది. ఒంట్లో బాగోలేదని, కలలు ఎక్కువయ్యాయని ఇంట్లో ఎవరితోనూ అనలేకపోయింది. హాల్లో గోడ మీద ఆమె బొమ్మతో పోస్టరు ఉంది. సంపూర్ణ విడుదల పొందిన మనిషి ఎవరి దగ్గరికి వెళ్ళి భయంగా ఉందని చెప్పుకుంటుంది?

మందు ఆపితే ఏమవుతుందో ఈ పనిలో ఉన్న ఎవరికైనా తెలుసు. కోరిక తిరిగొస్తుంది, కానీ శరీరానికి ఒకప్పుడు తట్టుకునే శక్తి పోయి ఉంటుంది. ఒకనాడు అలవాటైన మోతాదే ఇప్పుడు చంపేస్తుంది. మాసచూసెట్స్‌లో ప్రసవించిన తల్లుల గురించి 2018లో వచ్చిన అధ్యయనం ఒకటుంది. మోతాదు మించే ప్రమాదం కడుపుతో ఉన్న చివరి నెలల్లో అన్నిటికంటే తక్కువ, కాన్పయ్యాక ఏడు నుంచి పన్నెండు నెలల మధ్య అన్నిటికంటే ఎక్కువ అని అందులో తేలింది. గ్రాంట్ దరఖాస్తులో నేనే ఆ అధ్యయనం గురించి రాశాను. ఆమె బిడ్డ అప్పుడు సరిగ్గా ఆ నెలల్లో ఉంది. నా కాగితాల్లో ఉన్నది నా కారులో పక్కసీట్లో కూర్చున్న మనిషి గురించేనని నాకు తట్టలేదు.

వారాంతం సెలవు మీద తల్లిగారింటికి వెళ్ళింది. బాత్రూంలో పడిపోయింది. వాళ్ళమ్మ తలుపు తోసుకుని వెళ్ళి ముక్కులో నార్కాన్ కొట్టింది, మోతాదు మించినవాళ్ళకు ఊపిరి తిరిగి తెప్పించే మందు. 2023 నుంచి అది డాక్టరు చీటీ లేకుండానే మందుల షాపుల్లో దొరుకుతోంది. మా ఇల్లు ప్రతి కుటుంబానికీ ఒక పెట్టె ఇస్తుంది. రెండో మోతాదుకు ఊపిరి అందుకుంది. బిడ్డ పక్క గదిలో నిద్రపోతోంది. ఇంటిని నడిపే ఆవిడ నాకు ఫోన్ చేసి జరిగింది చెప్పింది. నన్నేమీ అనలేదు. నేను మొదట అడిగిన ప్రశ్న ఇక్కడ రాయకపోతే ఈ రాతకు అర్థం లేదు: "దాతలకు తెలిసిందా?" అని అడిగాను. ఆ పిల్ల ఎలా ఉందన్నది నా రెండో ప్రశ్న.

కోర్టు బిడ్డను మళ్ళీ తీసుకుంది. చివరికి అమ్మమ్మ దగ్గర పెట్టింది. ఆ పిల్ల తిరిగి చికిత్సలో చేరింది, మందు తిరిగి మొదలైంది. మా ఇంటికి రాలేదు, వేరే చోట ఉంటోంది. బిడ్డను వారం వారం చూస్తుంది.

మా ఇంట్లో సాయానికి వచ్చే ఒక పెద్దాయన ఉన్నాడు. తాగుడు మాని దశాబ్దాలైంది. నేను బోర్డుకు రాజీనామా కాగితం పట్టుకెళ్ళిన రోజు, నన్ను వంటింట్లో కూర్చోబెట్టి ఏఏ వాళ్ళ కథ ఒకటి చెప్పాడు. తాగుడు మానాలనుకునేవాళ్ళు ఒకరికొకరు తోడుండే ఆల్కహాలిక్స్ అనానిమస్ ఈ ఒహాయోలోనే, ఆక్రన్‌లో, 1935లో మొదలైంది. మొదట్లో వాళ్ళకూ డబ్బు కావాలనిపించింది. ఆసుపత్రులు కట్టాలి, మనుషుల్ని పెట్టుకోవాలి. కోటీశ్వరుడు రాక్‌ఫెల్లర్‌ని ఆశ్రయించారు. 1940 ఫిబ్రవరిలో ఆయన న్యూయార్క్‌లో యూనియన్ లీగ్ క్లబ్బులో ధనవంతులకు విందు ఏర్పాటు చేశాడు. ఒంట్లో బాగోక తాను రాలేదు, కొడుకు నెల్సన్ వచ్చాడు. అందరి మాటలూ అయ్యాక నెల్సన్ లేచి, ఇది ఒకరికొకరు చేసుకునే సాయంతో నడిచేది, దీనికి డబ్బు అవసరం లేదన్న అర్థంలో ముగించాడు. కోటీశ్వరులు కోట్లు తొడుక్కుని వెళ్ళిపోయారు. ఏఏ వాళ్ళకు ఆ రాత్రి గుండె జారిపోయింది. కానీ పదేళ్ళ తర్వాత, 1950లో క్లీవ్‌లాండ్‌లో కలుసుకున్నప్పుడు, బయటివాళ్ళ దగ్గర చందా తీసుకోకూడదని, పత్రికల ముందు తమ పేరూ ముఖమూ బయటపెట్టకూడదని నియమంగా ఆమోదించుకున్నారు.

"అలాగని మన ఇంటికి డబ్బు వద్దనను" అన్నాడు పెద్దాయన. "మేం కుర్చీలేసుకుని మాట్లాడుకుంటాం. మాకు కాఫీ ఖర్చే. మీకు పసిపిల్లలున్నారు, అద్దె ఉంది. కానీ ఆ నియమం ఎందుకు పెట్టుకున్నారో ఆలోచించు. వేదికెక్కి బాగుపడ్డానని చెప్పినవాడు మర్నాడు తాగితే, కూటానికి తిరిగి రావడానికి సిగ్గుపడతాడు. రానివాడు చచ్చిపోతాడు." రాజీనామా కాగితం మడిచి నా చేతిలో పెట్టాడు. "పాడుచేసినదాన్ని బాగుచెయ్యి" అన్నాడు.

తమ మధ్య కూర్చున్నప్పుడు వాళ్ళూ కథలు చెప్పుకుంటారు. వింటున్న ప్రతివాడికీ అలాంటి కథే ఉంటుంది, అందుకే చెప్పినవాడు చిన్నబోడు. మా విందులో వినేవాళ్ళ చేతిలో పెన్నులున్నాయి. సంఘంలో సాక్ష్యం చెప్పడం నాకు పవిత్రమైన విషయం, ఇప్పటికీ. మా అమ్మ బుధవారం కూటంలో నిలబడి, జ్వరం తగ్గినందుకు కూడా దేవుణ్ణి స్తుతించేది. ఆ మాట ఎవరూ దిద్దలేదు, దాని వెనకాల కార్డు ఎవరూ పంచలేదు. నేను అదే సాక్ష్యం అనే పేరు పెట్టి ఇంకేదో చేయించాను.

తర్వాతి విందులో ఏ తల్లినీ వేదిక ఎక్కించలేదు. నేను లేచి మా ఇంటి ఖర్చులు చదివాను. డైపర్ల గురించి చెప్పాను. ఇక్కడి ప్రభుత్వం ఇచ్చే ఆహార కార్డుతో డైపర్లు కొనడానికి వీల్లేదు, పాలపొడి ఇచ్చే విక్ పథకంలోనూ అవి రావు. డైపర్ల పెట్టె తెచ్చి ఇవ్వకపోతే చాలాచోట్ల డే కేర్‌లో బిడ్డను ఉంచుకోరు, బిడ్డను ఉంచుకోకపోతే తల్లి పనికి వెళ్ళలేదు, పని లేకపోతే కోర్టులో చూపించడానికేమీ ఉండదు. రాత్రిపూట కాపలా ఉండే మనిషి జీతం గురించి చెప్పాను. తల్లులకు నిద్రపట్టక లేచి తిరిగే వేళ రెండున్నర, మూడు. ఆ వేళ ఎవరో ఒకరు మేలుకుని టీ పెట్టడానికి ఉండాలి. ఊయల కొనిస్తామని వచ్చే దాతలు చాలామంది, వాటి మీద పేరు వేయించుకోవచ్చు. రాత్రి మనిషి జీతం మీద పేరు వేయడానికి చోటుండదు. ఇక మందు గురించి కూడా చెప్పాను. మా ఇంట్లో తల్లులు డాక్టరు ఇచ్చిన మందు వేసుకుంటారు, వేసుకుని ప్రార్థన చేసుకుంటారు, రెండూ ఒకే దేవుడి దయ అని మేం నమ్ముతాం అన్నాను. రెండు టేబుళ్ళవాళ్ళు లేచి వెళ్ళిపోయారు.

ఆ ఏడాది చందా బాగా తగ్గింది. ఇది దాచడానికి లేదు. రాత్రి మనిషి గంటలు తగ్గించాల్సి వచ్చింది. ఏ మనిషి అవసరమని గొంతు చించుకున్నానో ఆ మనిషి గంటలే పోయాయి. బోర్డులో ఒకావిడ నన్ను సూటిగా అడిగింది: "నీ మనస్సాక్షి కడుక్కోవడానికి ఈ తల్లులు రాత్రిళ్ళు ఒంటరిగా ఉండాలా?" ఆమె ప్రశ్న తీసిపారేసేది కాదు. దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఒక తల్లి కథను ఖర్చుపెట్టి పదిమంది తల్లులను నిలబెట్టడం న్యాయమేనని వాదించవచ్చు. నేను కూడా అలాగే వాదించుకునేదాన్ని, బాత్రూం తలుపు అవతల ఏం జరిగిందో వినేదాకా.

ఒకటి మాత్రం చెప్పగలను. దాతలను నేను తక్కువగా అంచనా వేశాను. కన్నీళ్ళు పెట్టిస్తే తప్ప ఇవ్వరని నిర్ణయించేసుకున్నది వాళ్ళు కాదు, నేను. "తల్లి అయ్యుండి ఎలా?" అని అడిగిన ఆ తెలుగు పెద్దావిడ దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. ఈసారి దాచకుండా చెప్పాను, మందు సంగతి, పడిపోవడం, నేను చేసింది అన్నీ. ఆవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, ఆవిడ తమ్ముడు తెనాలిలో తాగి తాగి లివరు పాడై పోయాడని, ఇన్నేళ్ళూ గుండెపోటని చెప్పుకుంటూ వచ్చామని అంది. నెలనెలా ఇంత అని రాసిచ్చింది. దేనికి వాడమంటారని అడిగితే, "రాత్రిపూట మనిషికమ్మా" అంది. ఆవిడకు ఆ నిజం మొదటిసారే చెప్పి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. చెప్పే అవకాశం ఆవిడకూ ఇవ్వలేదు, నాకూ ఇచ్చుకోలేదు.

ఆ పిల్లను కలవడానికి చాలాకాలం ధైర్యం చేయలేకపోయాను. వెళ్ళినప్పుడు క్షమించమని అడిగాను. క్షమించానని గానీ, లేదని గానీ ఆమె అనలేదు. ఒక పని అడిగింది. విందులో తీసిన వీడియో తీసేయమంది. మా వెబ్‌సైట్‌లోంచి అప్పటికే తీసేశాం. కానీ పిలిచిన సంఘాలు దాన్ని తమ పేజీల్లో పెట్టుకున్నాయి, వాళ్ళ నుంచి ఇంకెవరో తీసుకున్నారు. "నా కూతురు ఇదే ఊళ్ళో బడికి వెళ్తుంది" అంది ఆమె. "తను వణికిన సంగతి తనకు నేను చెప్పాలి. పక్క బెంచీ పిల్ల ఫోన్లో చూసి చెప్పకూడదు." ఆ వణుకు గురించిన రెండు వాక్యాలూ నేను అడిగి చేర్పించినవే.

ఒక్కొక్క సంఘానికీ ఉత్తరం రాస్తున్నాను, ఫోన్ చేస్తున్నాను. చాలామంది వెంటనే తీసేశారు. ఒక పాస్టరు గారు, ఎంతోమందికి ఆశీర్వాదంగా ఉన్న వీడియోను ఎందుకు తీయాలని అడిగారు. నేనే దాన్ని మార్చి రాశానని ఆయనకు చెప్పాల్సి వచ్చింది. ఆయనా తీసేశారు. కొన్ని చోట్ల నుంచి జవాబు రాలేదు. కెంటకీ వైపు ఒక సంఘం పేజీలో అది ఇంకా ఉంది, అక్కడ ఫోన్ ఎవరూ ఎత్తడం లేదు. ఆదివారం ఆరాధనకు మనుషులుంటారు కాబట్టి, ఈ వారం నేనే నేరుగా వెళ్ళి అడుగుతాను.